అంటువ్యాధులు, వాటిని కలిగించే సూక్ష్మజీవులు

బయటి నుంచి శరీరంలోకి చేరి, అక్కడ పెరిగి, జబ్బు చేసే జీవుల వల్ల వచ్చే వ్యాధులను వాడుకలో అంటువ్యాధులు అంటాం. మాట కొంచెం ఇరుకైనది. ధనుర్వాతం వచ్చిన మనిషిని తాకితే ఎవరికీ అంటదు. అది మట్టి నుంచి గాయంలోకి వస్తుంది. మలేరియా రోగి పక్కనే పడుకున్నా మధ్యలో దోమ లేకపోతే రాదు. అందుకే వైద్య గ్రంథాలు సంక్రమణ వ్యాధులు అనే విశాలమైన మాట వాడతాయి. ఇక్కడ రెండు మాటలూ ఒకే అర్థంలో వస్తాయి.

తెలుగులో పాత జబ్బుల పేర్లు చాలావరకు కంటికి కనిపించిన దాన్ని బట్టి పుట్టినవే. వణుకుతో వస్తే చలిజ్వరం, కాలు ఉబ్బితే బోదకాలు, కళ్లు పచ్చబడితే పచ్చకామెర్లు, ఒళ్లు విల్లులా వంగితే ధనుర్వాతం. ఆటలమ్మ, పెద్దమ్మవారు అన్న చోట భయమూ భక్తీ కలిసి పేరు పెట్టాయి. ఈ పేర్లు రోగాన్ని చక్కగా వర్ణిస్తాయి గానీ కారణం చెప్పవు. పచ్చకామెర్లు హెపటైటిస్ వైరస్‌ల వల్ల రావచ్చు, ఎలుక మూత్రం కలిసిన నీటిలోని లెప్టోస్పైరా బాక్టీరియా వల్ల రావచ్చు, ముదిరిన మలేరియాలో రావచ్చు, ఏ క్రిమీ లేకుండా పిత్తనాళంలో రాయి అడ్డుపడినా రావచ్చు. ఒక్కోదానికి వైద్యం వేరు. క్రిమి ఏ జాతిదో, దాని ఒంటి కట్టడం ఎలాంటిదో తెలిస్తే అది ఏ దారిన వస్తుంది, ఏ పరీక్షలో దొరుకుతుంది, ఏ మందుకు లొంగుతుంది, దేనికి లొంగదు అనే ప్రశ్నలకు చాలావరకు జవాబు దొరికినట్టే. రోగి మంచం దగ్గర సూక్ష్మజీవశాస్త్రం వల్ల కలిగే మేలు అదే.

కారణం తేల్చిన తీరు

హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారి ఆంటోని వాన్ లేవెన్‌హుక్ తాను చేసుకున్న చిన్న కటకాలతో నీటిలో కదిలే జీవుల్ని చూసి, 1676లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆ జీవులకూ జబ్బులకూ సంబంధం ఉందని రుజువు కావడానికి మరో 200 ఏళ్లు పట్టింది. జర్మనీ వైద్యుడు రాబర్ట్ కాఖ్ 1876లో దొమ్మరోగం కలిగించే బాక్టీరియా జీవితచక్రాన్ని, 1882 మార్చి 24న క్షయ క్రిమిని, 1884లో కలకత్తా నుంచి కలరా క్రిమిని లోకానికి చూపించాడు. ఆయన పెట్టిన నియమాలు తేలికగానే అర్థమవుతాయి: రోగి శరీరంలో ఆ క్రిమి కనిపించాలి, దాన్ని విడదీసి విడిగా పెంచగలగాలి, పెంచినదాన్ని ఆరోగ్యమైన జంతువులోకి పంపితే అదే జబ్బు రావాలి, ఆ జంతువు నుంచి మళ్లీ అదే క్రిమి దొరకాలి.

ఈ నియమాలకు లొంగని క్రిములూ ఉన్నాయి, వాటి నుంచి నేర్చుకున్నది కూడా తక్కువ కాదు. నార్వేలో గెర్హార్డ్ హాన్సెన్ 1873లోనే కుష్ఠు క్రిమిని చూశాడు. ఆ క్రిమిని ప్రయోగశాల పళ్లెంలో ఇప్పటికీ ఎవరూ పెంచలేకపోయారు. చల్లగా ఉండే ఎలుక అరికాళ్లలోనూ, ఒంటి వేడి తక్కువగా ఉండే ఆర్మడిల్లో అనే జంతువులోనూ మాత్రమే అది పెరుగుతుంది. కుష్ఠు మచ్చలు చెవి తమ్మెలు, ముక్కు, కాళ్లు, చేతులు వంటి చల్లటి చోట్ల ముందు తేలడానికి కారణం ఇదే.

బాక్టీరియా

బాక్టీరియా ఒంటికణపు జీవులు. మన కణాల్లో ఉన్నట్టు పొర కట్టిన కేంద్రకం వాటిలో ఉండదు. పేగుల్లో ఉండే ఈ. కోలై పొడవు 2 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో 500వ వంతు. మనతో కాపురం చేసే బాక్టీరియాలో ఎక్కువ భాగం హాని చేయవు. చర్మం మీద, పేగుల్లో చోటు ఆక్రమించి చెడ్డవాటిని రానీయవు కూడా. అవసరం లేని యాంటీబయాటిక్ వేసుకున్న రెండు మూడు రోజులకు విరేచనాలు పట్టుకునేది ఈ కాపలా చెదిరిపోవడం వల్లే.

డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ గ్రామ్ 1884లో బెర్లిన్‌లో కనిపెట్టిన రంగు పరీక్ష నేటికీ ప్రతి ప్రయోగశాలలో జరుగుతుంది. గాజు పలక మీద పూసిన నమూనాకు ఊదా రంగు పట్టించి, ఆల్కహాల్‌తో కడిగి, పైన ఎర్ర రంగు వేస్తారు. మందపాటి కణకవచం ఉన్నవి ఊదాగానే మిగులుతాయి. కవచం పలచగా ఉండి దాని మీద మరో కొవ్వు పొర కప్పుకున్నవి గులాబీ రంగుకు తిరుగుతాయి. గొంతు నొప్పి తెచ్చే స్ట్రెప్టోకోకస్, చీముగడ్డల స్టెఫిలోకోకస్ మొదటి తెగ; టైఫాయిడ్, కలరా, ప్లేగు క్రిములు రెండో తెగ. పెన్సిలిన్ పనిచేసేది కవచం అల్లికను ఆపడం ద్వారా కాబట్టి మొదటి తెగ తేలికగా చిక్కుతుంది. రెండో తెగకు ఉన్న పై పొర చాలా మందుల్ని గుమ్మం బయటే నిలబెడుతుంది. ఐదు నిమిషాల రంగు పరీక్ష వైద్యుడికి ఇంత చెబుతుంది.

కలరాను కొంచెం వివరంగా చూడాలి. ఒక క్రిమి ఒక్క అణువుతో మనిషిని ఎలా పడగొడుతుందో, దాని పని తీరు తెలిశాక చౌకగా ఎలా కాపాడుకోవచ్చో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ లేదు. విబ్రియో కలరే కామా ఆకారంలో ఉంటుంది, ఒకే తోక ఉంటుంది. కలుషిత నీటితో కడుపులోకి వెళ్లి చిన్నపేగు గోడకు అంటుకుంటుంది. లోపలికి చొచ్చుకుపోదు, పేగును కోయదు. ఒక విషపదార్థాన్ని వదులుతుంది, అంతే. ఆ విషం పేగు కణాల్లో ఒక మీటను ఎప్పటికీ తెరిచి ఉండేలా బిగించేస్తుంది. కణాలు క్లోరైడును, దాని వెంట నీటిని ఆగకుండా బయటికి పోస్తాయి. గడ్డు రోగిలో గంటకు లీటరు దాకా నీరు పోతుంది. బియ్యం కడిగిన నీళ్లలా విరేచనం అవుతుంది. కొన్ని గంటల్లో కళ్లు గుంటలు పడి, నాడి అందకుండా పోతుంది. ఈ విషం పేగులోనే పనిచేస్తుందని కలకత్తాలో వైద్య పరిశోధకుడు శంభునాథ్ దే కుందేలు పేగు మీద చేసిన ప్రయోగంతో నిరూపించి 1959లో ప్రచురించాడు. కాఖ్ తర్వాత 75 ఏళ్లకు దొరికిన ఈ మర్మం కలరా వైద్యానికి కొత్త దారి చూపింది. శంభునాథ్ దేకు జీవించి ఉండగా దేశంలో రావలసినంత గౌరవం రాలేదన్నది బాధాకరమైన నిజం.

పేగు ఎంత నీరు కారుస్తున్నా, చక్కెరతో కలిపి ఉప్పును లోపలికి లాగే దారి మాత్రం చెడదు. ఉప్పు వెంట నీరు వెళుతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ వెనుక ఉన్న శాస్త్రమంతా ఇదే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థులు కిక్కిరిసిన బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు వైద్యుడు దిలీప్ మహాలనబిస్ డ్రమ్ముల్లో ఈ నీళ్లు కలిపి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఈనాటి ప్యాకెట్‌లో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు ఉంటాయి. చక్కెర ఎక్కువైతే మేలు కన్నా కీడు జరుగుతుంది. అందుకే శీతల పానీయం ఓఆర్ఎస్‌కు బదులు కాదు.

క్షయ క్రిమి స్వభావం పూర్తిగా వేరు. కలరా గంటల్లో తేలుస్తుంది, ఇది ఏళ్ల తరబడి కాచుకుంటుంది. మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్ కవచం నిండా మైకోలిక్ ఆమ్లం అనే మైనం లాంటి కొవ్వు ఉంటుంది. గ్రామ్ రంగు దానికి సరిగా పట్టదు. వేడి చేసి ఎర్ర రంగు పట్టిస్తే మాత్రం ఆమ్లంతో కడిగినా పోదు. తెమడ పరీక్షలో నీలి మైదానం మీద ఎర్రటి పుల్లల్లా కనిపించేవి ఇవే. ఆహారం, మందులు లోపలికి వెళ్లడం కష్టమైనట్టే దాని పెరుగుదలా నెమ్మది. ఈ. కోలై అనుకూలమైన చోట 20 నిమిషాలకోసారి రెండవుతుంది, క్షయ క్రిమికి దాదాపు ఒక రోజు పడుతుంది. మందులు ముఖ్యంగా పెరుగుతున్న క్రిముల్నే చంపుతాయి కాబట్టి, నిద్రపోతున్నవి మేల్కొనే దాకా వైద్యం సాగాలి. ఆరు నెలల మందుకు కారణం ఈ నిదానమే. రెండో నెలలో దగ్గు తగ్గి, ఒళ్లు చేసి, మందు మానేసిన రోగిలో మిగిలేవి మొండి క్రిములు.

క్షయ క్రిమి చేరిన ప్రతివారికీ జబ్బు రాదు. ఆరోగ్యవంతుల్లో జీవితకాలంలో 100 మందిలో 5 నుంచి 10 మందికే అది పైకి లేస్తుంది. తిండి చాలక, మధుమేహంతో, హెచ్ఐవితో బలహీనపడ్డ ఒంట్లో ఆ అవకాశం చాలా ఎక్కువ. ఒకప్పుడు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానిటోరియాల్లో గాలి, విశ్రాంతి, మంచి తిండే వైద్యం. మద్రాసులో 1950ల చివర జరిగిన అధ్యయనం, మందులు సరిగా వాడితే ఇంటి దగ్గర ఉన్నా శానిటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని తేల్చింది. ప్రపంచమంతా క్షయ వైద్యం ఇంటికి వచ్చింది ఆ తర్వాతే.

ధనుర్వాతపు క్లాస్ట్రిడియం గాలి తగలని చోటే పెరుగుతుంది. అంతవరకు డోలు పుల్ల ఆకారంలో, ఒక చివర గుండ్రటి సిద్ధబీజంతో మట్టిలో, పేడలో ఏళ్ల తరబడి పడి ఉంటుంది. లోతుగా దిగిన మేకు గాయం దానికి అనువైన ఇల్లు. కండరాలను వదులు చేసే నాడీ సంకేతాల్ని దాని విషం ఆపేస్తుంది, దాంతో దవడ బిగుసుకుని ఒళ్లు వంగుతుంది. పేడ పూసిన బొడ్డుకొయ్య వల్ల ఒకప్పుడు ఎందరో పసికందులు పోయారు. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన కాన్పులతో దేశంలో ఈ శిశు మరణాలు అరుదైన స్థాయికి తగ్గాయని 2015లో ప్రకటించారు.

బాక్టీరియాలోనే మరో చిన్న తెగ మన కణాల లోపల తప్ప బతకదు. స్క్రబ్ టైఫస్ కలిగించే ఓరియన్షియా అలాంటిది. పొదల్లో, గట్ల మీద ఉండే చిన్న నల్లి పిల్ల కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి లేని ఆ పెచ్చు చంకలోనో గజ్జలోనో దాగి ఉంటే వెతికితే గానీ కనపడదు. కణం లోపల ఉండే క్రిమిని పెన్సిలిన్ తాకలేదు, డాక్సీసైక్లిన్ కొన్ని రోజుల్లో తగ్గిస్తుంది. టైఫాయిడ్ అనుకుని వేరే యాంటీబయాటిక్ నడిపిస్తూ పోతే ప్రాణం మీదికి వస్తుంది.

వైరస్‌లు

వైరస్‌ను జీవి అనాలా వద్దా అన్నది ఇంకా తెగని వాదన. అందులో ఉన్నది కొంత జన్యు పదార్థం, దాని చుట్టూ మాంసకృత్తుల తొడుగు, కొన్నింటికి పైన కొవ్వు పొర. సొంతంగా తినదు, పెరగదు. మన కణంలోకి దూరి దాని యంత్రాంగంతోనే తన ప్రతులు చేయించుకుంటుంది. పోలియో వైరస్ అడ్డుకొలత సుమారు 30 నానోమీటర్లు. మామూలు సూక్ష్మదర్శినికి అందదు. వైరస్‌కు కణకవచం లేదు, సొంత ఉత్పత్తి యంత్రాలు లేవు. యాంటీబయాటిక్ దెబ్బ కొట్టేది సరిగ్గా వాటినే కాబట్టి జలుబుకు, డెంగీకి యాంటీబయాటిక్ పనిచేయదు. ఇది వైద్యుల మధ్య అభిప్రాయ భేదం ఉన్న విషయం కాదు.

పైన కొవ్వు పొర ఉందా లేదా అన్న చిన్న తేడా నుంచి ఎంతో తేలుతుంది. కరోనా, ఇన్‌ఫ్లుయెంజా, రేబిస్ వైరస్‌లకు ఆ పొర ఉంది. సబ్బు దాన్ని కరిగిస్తే వైరస్ విచ్చిపోతుంది. కుక్క కరిచిన గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగమనడం అందుకే. పసుపో, సున్నమో, ఆకు పసరో పెట్టి కట్టు కడితే ఆ వైరస్ నాడుల దారి పట్టడానికి సమయం ఇచ్చినట్టు. పోలియో, రోటా, హెపటైటిస్ ఎ వైరస్‌లకు కొవ్వు పొర లేదు. కడుపులోని ఆమ్లాన్ని తట్టుకుని పేగు చేరగలవు గనుక నీటి ద్వారా, చేతుల ద్వారా వస్తాయి. పసిపిల్లల్లో విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌కు, ఢిల్లీలో ఒక నవజాత శిశువులో దొరికిన బలహీనమైన రకం ఆధారంగా హైదరాబాదులో టీకా తయారైంది. 2016లో జాతీయ కార్యక్రమంలో దాన్ని మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

రేబిస్ వైరస్ తుపాకీ గుండు ఆకారంలో ఉంటుంది. 1965లో నాగపూర్ దగ్గరి చాందీపురలో దొరికిన వైరస్ దీనికి జ్ఞాతి, అదే ఆకారం. 2003 వేసవి చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా తెలంగాణ జిల్లాల్లో, పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, ఫిట్స్, మత్తు వచ్చి ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంటే మొదట అందరూ మెదడువాపు అనే అన్నారు. వరిపొలాల దోమలు, పందులు, కొంగల మధ్య తిరిగే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరసే కారణమని అనుమానించారు. పరీక్షల్లో బయటపడ్డది చాందీపుర. లెక్కకు వచ్చిన 329 మంది పిల్లల్లో 183 మంది చనిపోయారు. దీన్ని మోసేది ఇసుక ఈగ. మట్టి గోడల పగుళ్లలో, పశువుల పాకల్లో ఉంటుంది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు టీకా ఉంది, దీనికి లేదు. జబ్బుకు పెట్టిన పేరు ఒకటే అయినా కారణం మారితే కాపలా కాయవలసిన చోటు పొలం నుంచి ఇంటి గోడకు మారిపోతుంది.

మలేరియా, ఇతర పరాన్నజీవులు

ప్రోటోజోవా ఒంటికణపువే అయినా వాటిలో కేంద్రకం ఉంటుంది. కట్టడంలో బాక్టీరియా కన్నా మన కణాలకు దగ్గర. అమీబా, కాలా అజార్, మలేరియా క్రిములు ఈ తెగవి. ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లో అల్జీరియాలో రోగి రక్తంలో మలేరియా క్రిమిని చూశాడు. అది ఒకరి నుంచి మరొకరికి ఎలా వెళుతుందో తేల్చింది మన సికింద్రాబాదులో. హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమలను ఒక్కొక్కటిగా కోసి చూస్తున్న బ్రిటిష్ సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్‌కు 1897 ఆగస్టు 20న ఒక అనాఫిలిస్ దోమ కడుపు గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద ఆయన మిగతా చక్రం పూర్తిచేశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తారు, ఆయన దోమల్ని కోసి చూసిన బేగంపేటలోని భవనం ఇప్పటికీ ఉంది.

దోమ కుట్టిన అరగంటలో క్రిములు కాలేయం చేరతాయి. అక్కడ వారం పది రోజులు పెరిగి వేల సంఖ్యలో రక్తంలోకి వచ్చి ఎర్ర కణాల్లో దూరతాయి. 48 గంటలకోసారి ఆ కణాలు ఒక్కుమ్మడిగా పగిలినప్పుడు వణుకుతో జ్వరం వస్తుంది. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరం లెక్క ఇదే. వైవాక్స్ రకం కొన్ని క్రిములను కాలేయంలో నిద్రపుచ్చి, నెలల తర్వాత లేపుతుంది. రక్తంలోని వాటిని చంపే మందు వీటిని తాకదు, అందుకే 14 రోజుల ప్రిమాక్విన్. ఫాల్సిపారం రకానికి ఈ నిద్ర లేదు గానీ, అది దూరిన ఎర్ర కణాలు సన్నటి రక్తనాళాల గోడలకు అతుక్కుంటాయి. మెదడులో అలా జరిగితే స్పృహ పోతుంది. తూర్పు కనుమల గూడేల్లో మన్యం జ్వరం అన్న మాటకు ఉన్న భయం ఊరికే పుట్టలేదు.

కంటికి కనిపించే పురుగులను కూడా ఈ శాస్త్రంలోనే చదువుతారు. బోదకాలు (ఫైలేరియా) కలిగించే ఉచెరీరియా పురుగులు శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతాయి. వాటి పిల్లలు రాత్రిపూట, క్యూలెక్స్ దోమ కుట్టే వేళకే రక్తంలోకి వస్తాయి. ఫైలేరియా సిబ్బంది రాత్రిళ్లు ఇల్లిల్లూ తిరిగి వేలి రక్తం తీసింది అందుకే. ఆ పురుగు పిల్లలను చంపే డైఇథైల్ కార్బమజైన్‌ను అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో వెలికి తెచ్చిన బృందానికి నాయకుడు 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. టెట్రాసైక్లిన్ల మొదటి మందు ఆరియోమైసిన్ వచ్చింది కూడా ఆయన పరిశోధనలు నడిపిన ఆ ప్రయోగశాల నుంచే. పైన చెప్పిన డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే.

శిలీంధ్రాలు

తామర, నోటిపూత, పుట్టగొడుగు ఒకే వంశం. శిలీంధ్ర కణం మన కణాన్ని చాలావరకు పోలి ఉండడంతో దాన్ని చంపి మనల్ని వదిలే మందులు తక్కువ. ఉన్నవి ఎక్కువగా దాని పొరలోని ఎర్గోస్టెరాల్ మీద గురిపెడతాయి. 2021లో భయపెట్టిన నల్ల ఫంగస్‌కు ఆ పేరు అది చంపిన కణజాలపు నలుపు వల్ల వచ్చింది. అదుపులేని మధుమేహం, స్టెరాయిడ్లు దానికి తలుపు తెరిచాయి. తామరకు స్టెరాయిడ్ కలిపిన మిశ్రమ క్రీములు రాస్తే దురద వెంటనే తగ్గుతుంది, తామర మాత్రం లోలోపల పాకుతుంది. ఇన్నేళ్ల హెచ్చరికల తర్వాత కూడా ఇవి చీటీ లేకుండా అమ్ముడవడం క్షమించరానిది.

మందుకు లొంగని క్రిములు, నిర్మూలన

బాక్టీరియా తమలో తాము జన్యువులను పంచుకుంటాయి. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరం ఒక క్రిమి నుంచి వేరే జాతి క్రిమికి కూడా దాటి, మందును తట్టుకునే గుణాన్ని చేతికిస్తుంది. ఇది ఆసుపత్రుల్లోనే జరగదు. హైదరాబాదు శివార్లలోని పటాన్‌చెరులో మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. రోగి రక్తంలో ఉండే మందు మోతాదు కన్నా అది ఎక్కువ. అలాంటి నీటిలో బతికి బట్టకట్టేవి మందుకు లొంగనివే.

ఏ జబ్బును పూర్తిగా తుడిచేయగలమన్నదీ క్రిమి కట్టడం, దాని కాపురం మీదే ఆధారపడుతుంది. మశూచి వైరస్‌కు మనిషి తప్ప మరో ఇల్లు లేదు, సోకినవారి ముఖం మీద పొక్కులు దాగవు, టీకా ఎండకు ఓర్చుకుంటుంది. అది లోకం విడిచిందని 1980లో ప్రకటించారు. నారికురుపుకు టీకా లేదు, మందు లేదు. దాన్ని కలిగించే పురుగు దిగుడు బావుల నీటిలో ఉండే సైక్లాప్స్ అనే చిన్న జీవి ద్వారా కడుపులోకి వెళ్లేది. గుడ్డతో నీళ్లు వడకట్టడం, మెట్లబావులను మూసి బోర్లు వేయడంతోనే ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో పోయింది. 2000లో భారత్‌కు విముక్తి పత్రం వచ్చింది. దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు కొంగలు, పందులు ఉన్నాయి కాబట్టి మనుషులందరికీ టీకా వేసినా వైరస్ పోదు. ధనుర్వాతపు సిద్ధబీజాలు నేలలోనే ఉన్నాయి. ఒకరు టీకా వేసుకుంటే పక్కవాడికి రక్షణ రాదు; పుట్టే ప్రతి బిడ్డకూ విడిగా వేయవలసిందే.